మా ఇంటి నుంచి ఒక పరిశోధన దరఖాస్తు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడే రోజుల్లో సూర్యాపేటలోని మా మదరసాకు వచ్చే తల్లిదండ్రులు ఏటా దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. పిల్ల బైపీసీ చదివింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు, ఇక ఏమి చేయించాలి? మేము అరబీ వ్యాకరణం, హదీసు బోధించేవాళ్ళం. ఈ విషయంలో మా మాటకు విలువెంత అన్న సందేహం వారికి కలగదు. నాలుగక్షరాలు చదివిన పెద్దమనిషి అన్నిటికీ జవాబు చెప్పగలడని మనవారి నమ్మకం. ఫార్మసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, బీఈడీ, ఆపైన పెళ్ళి. ఈ జాబితా వారికి ముందే తెలుసు. మేము తల ఊపితే చాలు. జీవశాస్త్రంలో పీహెచ్‌డీ అనే మార్గం ఒకటి ఉన్నదని, పరీక్షలో నెగ్గినవారికి ఐదేళ్ళ వరకు నెలనెలా భృతి లభిస్తుందని చెబితే చాలామంది నమ్మరు. "డబ్బు మనం కట్టాలా, వాళ్ళు ఇస్తారా?" అని ఒక తండ్రి మమ్మల్ని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు చెప్పినా ఆయన ముఖంలో అనుమానం తీరలేదు.

ఈ విషయం మాకు దగ్గరగా తెలిసింది మా చెల్లెలి కూతురి వల్ల. ఆమె పేరు ఇక్కడ రాయము. రాయవద్దని ఆమే కోరింది. పుట్టింది మిర్యాలగూడలో. తండ్రి అక్కడి ఒక రైస్ మిల్లులో గుమాస్తా. బీఎస్సీ కోదాడలో, ఖాలా ఇంట్లో ఉండి చదివింది. తర్వాత హైదరాబాదు వెళ్ళి ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేసింది. చిన్నప్పుడు సెలవులకు మా ఇంటికి వచ్చి, మా దగ్గరే నాజిరా ఖురాన్ ముగించిన పిల్ల. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినట్టు ఫోనులో చెప్పినప్పుడు, ఆ మాటల అర్థం ఇంట్లో ఎవరికీ తెలియక అందరూ మొదట "ఉద్యోగం వచ్చిందా?" అని అడిగారు.

ఉద్యోగం కాదు. అది ఏమిటో పాఠకులకు కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. జీవశాస్త్రాల విభాగంలో ఈ పరీక్షకు 200 మార్కులు, మూడు గంటల సమయం. ప్రశ్నపత్రంలో మూడు భాగాలు. మొదటి దానిలో లెక్కలు, తర్కం. రెండవ దానిలో పాఠ్యాంశాలు. మూడవ భాగానికి సగం మార్కులు, అంటే 100. ఒక ప్రయోగం ఇచ్చి, దాని ఫలితం నుంచి ఏమి తేలుతుందో, ఏమి తేలదో అడిగే ప్రశ్నలు అక్కడే ఎక్కువ. బట్టీ పట్టిన చదువు ఈ భాగంలో నిలవదు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటాయి. ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు. ఫెలోషిప్‌కు వయఃపరిమితి ఉన్నది గాని, స్త్రీలకు అందులో 5 ఏళ్ళ సడలింపు ఇచ్చారు. నెగ్గినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. మా చెల్లెలి భర్త జీతం రెండు నెలలది కలిపినా ఆ మొత్తం కాదు.

మైనారిటీ విద్యార్థులకు మౌలానా ఆజాద్ పేరిట ఒక ఫెలోషిప్ ఉండేది కదా అని కొందరు ఇప్పటికీ అడుగుతున్నారు. దాన్ని 2022-23 నుంచి కేంద్ర ప్రభుత్వం నిలిపివేసింది. అది ఉండి ఉంటే ఎంతోమందికి ఆసరా అయ్యేది. ఆ బాధ మాకూ ఉన్నది. కాని లేనిదాని కోసం ఎదురుచూస్తూ ఒక పిల్ల రెండేళ్ళు ఇంట్లో కూర్చోవడం మేము చూశాము. సీఎస్ఐఆర్, బయోటెక్నాలజీ శాఖ, వైద్య పరిశోధన మండలి ఇచ్చే ఫెలోషిప్‌లు అందరికీ తెరిచే ఉన్నాయి, వాటికి కూర్చోవాలి.

అయితే పరీక్ష నెగ్గడం సగమే. ఆ అర్హత చేతబట్టుకుని ఒక పరిశోధనాలయానికో విశ్వవిద్యాలయానికో దరఖాస్తు చేసుకోవాలి. హైదరాబాదు ఈ విషయంలో మన అదృష్టం. తార్నాక దాటగానే సీసీఎంబీ ఉన్నది. కణాల గురించి, జన్యువుల గురించి పరిశోధించే ఈ సంస్థకు 1977లో పుష్ప మిత్ర భార్గవ గారు ప్రాణం పోశారు. గచ్చిబౌలి వైపు 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉన్నది. మిర్యాలగూడలో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా చేరగల దూరంలో, దేశం నలుమూలల నుంచి పిల్లలు వెతుక్కుంటూ వచ్చే చోట్లు ఇవి. మన పిల్లలు వాటి గోడల పక్కనుంచి కోచింగ్ సెంటర్లకు వెళ్ళివస్తున్నారు.

దరఖాస్తు గడువు ఇంకా నెల ఉందనగా మా చెల్లెలి భర్త మిర్యాలగూడ నుంచి ఫోను చేశాడు. "భాయీసాబ్, మీరు ఒకసారి వచ్చి పిల్లకు చెప్పండి. మీ మాట వింటుంది" అన్నాడు. ఏమి చెప్పాలో ఆయన చెప్పలేదు, చెప్పనవసరం లేదు కూడా. కోదాడ నుంచి ఒక సంబంధం వచ్చి ఉన్నది. మంచి కుటుంబం, అబ్బాయికి సొంత మెడికల్ షాపు. పీహెచ్‌డీ అంటే ఐదేళ్ళో ఆరేళ్ళో. లెక్క వేస్తే పిల్లకు ముప్ఫై దాటుతుంది. తండ్రి భయాన్ని మేము తేలికగా తీసుకోలేదు. నలుగురి నోళ్ళలో పడే మాటలకు ఆడపిల్ల తండ్రి ఎంత కుంగిపోతాడో మదరసాలో కూర్చున్న మాకు ఏటా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ శుక్రవారం జుమా తర్వాత బయలుదేరాము. వెళ్ళేసరికి ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం ఒక కాగితం మీదికి వచ్చి ఉన్నది. దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం జతచేయాలి: నీవు ఎందుకు పరిశోధన చేయదలచావు, ఏ ప్రశ్న మీద? ఆమె రాసినది మాకు చదివి వినిపించి ఉర్దూలో అర్థం చెప్పింది. చిన్ననాటి నుంచి తనకు విజ్ఞానశాస్త్రమంటే ప్రాణమని, మానవాళికి సేవ చేయాలని తన ఆశయమని మొదలై, రెండు పేజీలు అలాగే సాగింది. మేము ఒకే ప్రశ్న అడిగాము. "బేటా, ఇది నీ పక్కింటి అమ్మాయి రాసినా ఇలాగే ఉంటుంది కదా. ఇందులో నీవు ఎక్కడున్నావు?"

ఆమె కాసేపు ఆలోచించి ఒక సంగతి చెప్పింది. ఎనిమిదో తరగతి చదివేటప్పుడు అన్నం డబ్బా ఇవ్వడానికి మిల్లుకు వెళ్ళేదట. సీజన్‌లో రైతులు సాంబ మసూరి వడ్లు ట్రాక్టర్ల మీద తెచ్చి వరుసగా నిలబడేవారు. తండ్రి గుప్పెడు వడ్లు తీసి, ఊది, తాలు ఎంతో చూసి, పుస్తకంలో రైతు పేరు ఎదుట తరుగు రాసేవాడు. ఒక ఏడు తరుగు విపరీతంగా పడింది. ఒక ముసలాయన "ఎండాకు తెగులు వచ్చింది సారూ, మందు కొట్టినా ఆగలే" అంటూ లెక్క తగ్గించమని బతిమాలాడు. తండ్రి తగ్గించలేకపోయాడు, లెక్క యజమానిది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదట. మందు కొట్టినా ఎందుకు ఆగలేదు అన్న ప్రశ్న తనకు అప్పటి నుంచి ఉన్నదని, ఎమ్మెస్సీలో దాని పేరు చదివానని చెప్పింది.

"ఇది రాయి" అన్నాము.

ఆ తెగులు కథ మాకూ అక్కడే తెలిసింది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో సన్నాలు పండించే రైతులకు ఈ శత్రువు పాత పరిచయమే. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి విడుదలైన రకం. బియ్యం సన్నం, అన్నం రుచి. కాని బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. గాలివానలకు ఆకుల మీది చిన్న గాయాల గుండా బాక్టీరియా లోపలికి పోతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంట ఎండుతూ వస్తుంది. యూరియా ఎక్కువైన పొలంలో మరీ వేగంగా వ్యాపిస్తుంది. దీన్ని నిలిపే సరైన మందు లేదు. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజమే.

సీసీఎంబీలో రమేశ్ సొంటి గారి బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధకులు కలిసి దీనికి ఒక దారి కనిపెట్టారు. తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చారు. ప్రతి తరంలో వేల మొక్కల నుంచి, ఆ జన్యువులు ఏ మొక్కలోకి వచ్చాయో ల్యాబులో గుర్తుపట్టి ఎంపిక చేశారు. బయటి జన్యువును సూదితో ఎక్కించినట్టు కాదు, మన తాతలు చేసిన సంకరమే, కళ్ళు తెరుచుకుని చేసినది. అలా తయారైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో రైతులకు విడుదలైంది. ఆ మూడింటిలో ఒక జన్యువు మూలం ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి. ఆ పేరు వినగానే మేము ఆగిపోయాము. మాకు మాలి అంటే టింబక్టూ. వేల అరబీ రాతప్రతులు, ఇసుకలో దాచి కాపాడుకున్న గ్రంథాలయాలు. ఆ నేల నుంచే మా మిర్యాలగూడ పొలాలకు ఒక జన్యువు వచ్చిందట. సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండలేకపోయాము.

ఆమె ప్రశ్న దీని తర్వాతిది. బాక్టీరియా కొన్ని ఎంజైములను విడిచి ఆకు కణాల గోడలను కరిగిస్తుంది. గోడ విరిగిన ముక్కలే మొక్కకు ప్రమాద సూచన. దొంగ తలుపు పగలగొట్టిన చప్పుడుకు ఇంటివారు మేలుకున్నట్టు మొక్క మేలుకుంటుంది. అప్పుడు బాక్టీరియా మరికొన్ని ప్రోటీన్లను పంపి ఆ మేలుకొలుపును అణచివేస్తుంది. ఇంతవరకు తెలుసు. ఆ అణచివేత మొక్కలో సరిగ్గా ఎక్కడ జరుగుతుందో వెతకాలని ఆమె కోరిక. ప్రయోగం ఎలా చేస్తారని తండ్రి అడిగాడు. ఆ సాయంత్రం ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. బాక్టీరియా కలిపిన నీటిలో కత్తెర ముంచి ఆకు కొన కత్తిరిస్తారని, రెండు వారాల తర్వాత ఎంత మేర ఎండిందో స్కేలుతో కొలుస్తారని చెప్పింది. పక్కన మరికొన్ని మొక్కల ఆకులను ఉత్త నీటిలో ముంచిన కత్తెరతో కత్తిరిస్తారట. "అదెందుకు?" అన్నాడు. "కత్తిరించినందుకే ఎండిందని ఎవరైనా అంటే జవాబు ఉండాలి కదా అబ్బా" అన్నది. ఆయన తల పంకించాడు. తూకం వేసే ముందు ఖాళీ కాటా సరిచూసుకునే మనిషికి అది ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

వ్యాసం తిరగరాసిన తర్వాత తండ్రికి చదివి వినిపించింది. తాలు అంతా ఎండాకు తెగులు వల్లనే అన్నట్టు ఒక వాక్యం ఉన్నది. ఆయన చేయి అడ్డం పెట్టాడు. "అది తప్పు. మెడవిరుపు వచ్చినా తాలే. కాండం తొలిచే పురుగు పడితే తెల్ల కంకి, అదీ తాలే. నీళ్ళు అందకపోయినా తాలే. నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా" అన్నాడు. ఆమె ఆ వాక్యం కొట్టివేసి ఆయన చెప్పినట్టు సరిచేసింది. ఇంగ్లీషు చదవలేని తండ్రి, ఇంగ్లీషు వ్యాసానికి తొలి పరీక్షకుడయ్యాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో "ఈ చదువు ఎందుకు" అన్న మాట మాకు మళ్ళీ వినిపించలేదు. "ఎన్నేళ్ళు" అన్న మాట మాత్రం నిలిచే ఉన్నది.

పీహెచ్‌డీ అంటే ఏమిటని అడిగేవారికి మేము ఇబ్నుల్ నఫీస్ సంగతి చెబుతుంటాము. దమస్కు ప్రాంతంలో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఆయన 1288లో చనిపోయారు. గుండెలోని ఒక గది నుంచి మరొక గదికి మధ్యగోడ గుండా రక్తం పోతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పాడు. ఇబ్ను సీనా కూడా దాన్నే అంగీకరించారు. ఇబ్నుల్ నఫీస్ కాదన్నారు. ఆ గోడకు రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగి వస్తుందని రాశారు. ఎక్కడ రాశారు? ఇబ్ను సీనా గ్రంథానికి తాను చేసిన షరహ్‌లో. మదరసాలో చదివిన ప్రతివాడికి షరహ్ అంటే తెలుసు: గురువు గ్రంథం పేజీ మధ్యలో, వ్యాఖ్య చుట్టూ. గురువు పట్ల గౌరవం ఇసుమంత తగ్గకుండా గురువు మాట సరిదిద్దడం ఆ పేజీ అంచుల్లోనే నేర్చుకుంటాము. ఆ రాతప్రతి శతాబ్దాల పాటు మరుగునపడి ఉండగా, 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో దాన్ని వెలికితీసినది ఎవరనుకున్నారు? ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం చదువుతున్న ముహ్యిద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు. ఆయన పరిశోధన గ్రంథం ఆ విషయం మీదే. దరఖాస్తు చేసుకుని, ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళిన విద్యార్థి చేతికి దొరికింది అది.

సిఫారసు లేఖల దగ్గర మా చదువు నేరుగా పనికివచ్చింది. దరఖాస్తుకు అధ్యాపకుల లేఖలు కావాలి. పలుకుబడి గల పెద్ద ప్రొఫెసరు ఒకాయన ద్వారా లేఖ ఇప్పిస్తానని బంధువు ఒకరు ముందుకొచ్చారు. ఆయన ఈ పిల్లను ఒక్కసారి కూడా చూడలేదు. హదీసు ఉల్లేఖకుల విషయంలో ఇమామ్ బుఖారీ గారి నియమం మేము ఏటా బోధిస్తాము. శిష్యుడు, గురువు ఒకే కాలంలో జీవించారన్నది చాలదు; వారు కలుసుకున్నట్టు రుజువు ఉండాలి. దీన్ని 'లిఖా' అంటారు. లేఖ చదివే శాస్త్రజ్ఞుడు కూడా వెతికేది అదే: ఈయన ఈ పిల్ల పని కళ్ళారా చూశాడా? కనుక పెద్ద పేరు వదిలేశాము. ఎమ్మెస్సీలో ఆమె ప్రాజెక్టు పని చూసిన మేడమ్ ఒక లేఖ ఇచ్చారు. కోదాడలో వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరర్ మరొకటి ఇచ్చారు. మొదటి ఏడు మైక్రోస్కోపు సరిచేసుకోవడం రాక ఏడ్చిన పిల్ల మూడో ఏడు జూనియర్లకు నేర్పిందని ఆయన రాశారట. అంతకంటే విలువైన వాక్యం మరొకటి ఉంటుందా?

సర్టిఫికెట్ల సంగతి మాత్రం చేదుగా నడిచింది. ఇది చదివే ప్రతి ఇల్లు గుర్తుంచుకోవలసిన విషయం గనుక చెబుతున్నాము. మనలో చాలామందికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నది. 2007 చట్టం వల్ల వచ్చిన 4 శాతం రిజర్వేషన్ అది. రాష్ట్ర కళాశాలల్లో పనిచేస్తుంది. కేంద్ర సంస్థల దరఖాస్తులో ఓబీసీ అని అడుగుతారు. ఆ జాబితా వేరు. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు; సముదాయం పేరు విడిగా వెతికి చూసుకోవాలి. మా మేనకోడలి సముదాయం పేరు అందులో కనబడలేదు. అటువంటివారికి, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి పరిమితులకు లోబడి ఉంటే, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉన్నది. అది కూడా ఏ ఆర్థిక సంవత్సరానిది ఆ సంవత్సరమే తీసుకోవాలి. ఈ తేడా అడిగితే చెప్పేవారు లేక, ఒక కార్యాలయంలో నాలుగు రోజులు తిరిగితే, బీసీ-ఈ ఉన్నవారికి ఈడబ్ల్యూఎస్ ఎలా ఇస్తామని వెనక్కి పంపారు. చివరికి కేంద్ర జాబితా ముద్రించుకుని వెళ్ళి బల్ల మీద పెడితే పని జరిగింది. గడువుకు ఐదు రోజులు మిగిలి ఉన్నది. ఈ పత్రం పరీక్షకు ముందే, ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోండి.

మా మదరసాలో ఒక సహాధ్యాపకుడు మరొక సందేహం వెలిబుచ్చారు. "జీవశాస్త్రం అంటే పరిణామవాదం కదా. పిల్ల ఈమాన్ సంగతి ఏమిటి?" ఆయన మనసులోని ఆందోళన నిజమైనది, నవ్వి తోసిపుచ్చేది కాదు. ఆమె అక్కడ పరిణామం చదువుతుంది, చదవకుండా ఈ పని సాధ్యం కాదు. తెగులును తట్టుకునే రకం వచ్చిన కొన్నేళ్ళకు బాక్టీరియా మారి దాన్ని కూడా లొంగదీయగలదు. ఒకటికి బదులు మూడు జన్యువులు పెట్టింది అందుకే. ఆ మార్పును రైతు పొలంలో చూస్తాడు, పరిశోధకుడు ల్యాబులో కొలుస్తాడు. ఆదమ్ (అలైహిస్సలాం) సృష్టి గురించి మనం విశ్వసించేది దైవవాణి ద్వారా వచ్చినది; దాన్ని కత్తెరతో ఆకు కత్తిరించి తేల్చే పని కాదు. మన పాఠ్యక్రమంలో మునాజరా అనే శాస్త్రం ఉన్నది. ఎదుటివారి వాదాన్ని వారే మెచ్చుకునేంత సరిగా చెప్పలేనివాడికి జవాబిచ్చే హక్కు లేదని అందులో మొదటి పాఠం. ఈ మాట సహాధ్యాపకునితో అన్నాము. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. మా మధ్య ఆ చర్చ ఇప్పటికీ అస్ర్ తర్వాత అప్పుడప్పుడూ సాగుతూనే ఉన్నది.

ఇక ఏళ్ళ లెక్క. మా చెల్లెలు, ఆమె భర్త, ఖాలా, అందరూ కూర్చున్న రోజు యూజీసీ 2022 నిబంధనలు మా మేనకోడలు చదివి చెప్పింది. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు; అవసరమైతే స్త్రీలకు మరో రెండేళ్ళ సడలింపు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం 240 రోజుల సెలవు. అంటే పెళ్ళి చేసుకున్నవారు చదవగూడదని ఎవరూ అనలేదు. రాసిన నిబంధనలోనే వారి కోసం చోటు ఉంచారు. కొందరు తల్లులు "ఆడపిల్ల అంత కాలం చదువుతుందా" అని ఆశ్చర్యపోతారు. వారికి మేము కరీమా అల్ మర్వజియ్యా పేరు చెబుతాము. పదకొండో శతాబ్దంలో మక్కాలో సహీహ్ బుఖారీ బోధించిన విదుషి ఆమె. ఖతీబ్ బగ్దాదీ అంతటి పండితుడు ఆమె ఎదుట కూర్చుని విన్నాడు.

మరో పక్క మా చెల్లెలు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఎక్కడో విన్నది. మామగారి డబ్బుతో 1923లో అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో రాత్రి కూలి చేస్తూ చదివి, 1930లో హార్వర్డులో పీహెచ్‌డీ పొంది, లోకానికి ఎన్నో మందులు ఇచ్చిన మహానుభావుడు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. భార్య ఇక్కడే ఉండిపోయింది. "ఆ చదువులకు వెళ్ళినవాళ్ళు తిరిగి రారు భాయీ" అన్నది చెల్లెలు. దీనికి మా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. "తార్నాక నుంచి రాకుండా ఎక్కడికి పోతాను అమ్మీ, శనివారం బిర్యానీకి వస్తాను" అని పిల్లే నవ్వించింది.

విదేశాల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పి ముగిస్తాము. అమెరికాలో జీవశాస్త్ర పీహెచ్‌డీలకు సాధారణంగా ఫీజు మాఫీ, భృతి రెండూ విశ్వవిద్యాలయమే ఇస్తుంది. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి. మూడు సిఫారసు లేఖలు, ఒక వ్యాసం తప్పనిసరి. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేసి పిల్లల్ని పంపేది ఎక్కువగా ఎమ్మెస్ కోర్సులకు. రెండింటినీ ఒకటే అని చెప్పి సంతకాలు పెట్టించుకునే ఏజెంట్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు. "పీహెచ్‌డీకి లోన్ ఇప్పిస్తాం" అన్నవాడి దగ్గర కుర్చీలో కూర్చోకండి.

మా మేనకోడలి దరఖాస్తు గడువుకు రెండు రోజుల ముందు వెళ్ళిపోయింది. కోదాడవారికి మా చెల్లెలి భర్త ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: పిల్ల చదువుతుంది, పెళ్ళయినా చదువుతుంది, ఆలోచించుకోండి అని. వారు ఇంకా ఏమీ చెప్పలేదు. ఇంటర్వ్యూకు పిలుపు కూడా ఇంకా రాలేదు. అంతకుముందు వెళ్ళివచ్చిన సీనియర్లు, అక్కడ పాఠం అప్పజెప్పమనరు, బోర్డు దగ్గర నిలబెట్టి ఒక ప్రయోగం రూపొందించమంటారు, తెలియనిదాన్ని తెలియదని చెప్పినా తప్పు పట్టరు అని చెప్పారట. దానికి ఆమె రాత్రుళ్ళు తయారవుతున్నది. ఇషా తర్వాత తండ్రిని ఎదుట కూర్చోబెట్టి తన ప్రయోగం చెబుతుంది. ఆయన తోచినచోట అడ్డుపడతాడు. నిన్న రాత్రి ఫోనులో మాతో, "భాయీసాబ్, ఆ ఇంప్రూవ్డ్ సాంబ విత్తనం మిర్యాలగూడలో ఎక్కడ దొరుకుతుందో వాళ్ళను అడగమన్నాను. మిల్లుకు వచ్చే రైతులు నన్ను అడుగుతున్నారు" అన్నాడు.